కొత్త లెన్స్ కొనే ముందు ఒక లైటు ఆర్పి చూడండి

అనంతపురంలో 10 బై 14 అడుగుల గదిలో స్టూడియో పెట్టానని, రెండు ఫ్లాష్‌లు, వాటి వెలుగును మెత్తబరిచే రెండు గొడుగులు, ఒక 50 ఎంఎం లెన్స్ ఉన్నాయని రాశారు. అయినా ముఖాలు చదునుగా వస్తున్నాయి, కళ్ళు షార్ప్‌గా లేవు, జనం ఆధార్ ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతున్నారు, ముఖాల ఫోటోలకు వాడే 85 ఎంఎం లెన్స్ కొంటే బాగుపడుతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. నేను కొని, అవే ఫోటోలు ఇంకొంచెం ఖరీదుగా తీశాను.

కడపలో పదకొండేళ్ళుగా చిన్న స్టూడియో నడుపుతున్నాను. సగం పని కువైట్ పోయేవాళ్ళ పాస్‌పోర్ట్ ఫోటోలు. మిగతాది పెళ్ళిచూపుల ఫోటోలు, ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు. పాస్‌పోర్ట్ ఫోటోలో ముఖం మీద నీడ ఉండకూడదు కాబట్టి రెండు వైపులా సమానంగా లైట్లు పెడతాం. మీరు పోర్ట్రెయిట్‌కి కూడా అదే సెటప్ వాడుతున్నారు. నీడ లేకపోతే ముక్కెక్కడ లేచింది, చెంపెక్కడ దిగింది అని ఫోటోలో ఎలా తెలుస్తుంది?

అందుకని ఒక లైటు ఆర్పేయండి. రెండోది మనిషికి 45 డిగ్రీల పక్కన, కళ్ళకంటే కొంచెం ఎత్తులో పెట్టి, కిందికి వంచండి. ఇక చూడాల్సింది ముక్కు నీడ ఒక్కటే. అది ఏటవాలుగా పెదవి మూల వైపు దిగితే చాలు. పెదవి మీదికి వచ్చిందంటే లైటు మరీ పైకి పోయినట్టు. కంటి నల్లగుడ్డులో, పైభాగాన, లైటు చుక్క కనిపించాలి. అది లేని కన్ను నిద్రపోతున్నట్టు ఉంటుంది.

లైటు దూరం పెడితే మెత్తగా పడుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ రెండేళ్ళు అలాగే అనుకున్నాను. నిజానికి దగ్గరికి తెచ్చేకొద్దీ ముఖంతో పోలిస్తే గొడుగు పెద్దదవుతుంది, నీడల అంచులు మెత్తబడతాయి. 8 అడుగుల నుంచి 4 అడుగులకు తెస్తే వెలుగు నాలుగింతలవుతుంది, కాబట్టి పవర్ రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది) తగ్గించండి. వెనక గోడ కూడా దానంతటదే కాస్త చీకటిపడుతుంది. మనిషిని గోడకి 5 అడుగులైనా ముందుకు జరపండి, నీడ గోడ మీద పడదు. రెండో చెంప మరీ నల్లబడితే ఆ పక్కన తెల్ల థర్మోకోల్ షీట్ నిలబెట్టండి. నాది ఫ్రిజ్ డబ్బాలో వచ్చిందే, ఇప్పటికీ అదే. మీ గది గోడలు తెల్లవైతే అవే వెలుగును తిప్పికొడతాయి, థర్మోకోల్ అవసరమే రాకపోవచ్చు, పైగా ఒక నల్ల దుప్పటి కట్టాల్సి రావచ్చు.

ఫ్లాష్ ఆపి, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి) 100, ఎఫ్ 8 (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ 1/160 సెకనులో ఒక ఫోటో తీయండి. దాదాపు నల్లగా రావాలి. గది కనిపిస్తోందంటే ట్యూబ్‌లైట్ కలుస్తోంది, చర్మం రంగు తేడా కొడుతుంది.

ఇక ఫోకస్. మొదట్లో ఒక అమ్మాయి పెళ్ళిచూపుల ఫోటోలు 85 ఎంఎంతో, ఎఫ్ 1.8లో తీశాను, బ్యాక్‌గ్రౌండ్ మసగ్గా రావాలన్న మోజుతో. మధ్య ఫోకస్ పాయింట్‌తో కంటి మీద ఫోకస్ లాక్ చేసి, కెమెరా పక్కకి తిప్పి నొక్కాను. కెమెరా స్క్రీన్ మీద అద్భుతం. ప్రింట్ తీస్తే బుట్టకమ్మల ముత్యాలు లెక్కపెట్టుకోవచ్చు, కళ్ళు మాత్రం పొగమంచులో ఉన్నాయి. వాళ్ళ నాన్న ఏమీ అనలేదు, ఫోటో తిప్పి తిప్పి చూశాడు, అంతే. మళ్ళీ తీసిచ్చాను, డబ్బులు తీసుకోలేదు.

ఆ తర్వాత లెక్క వేసుకున్నాను. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) కెమెరాలో ఆ లెన్స్‌తో 5 అడుగుల దూరంలో ఎఫ్ 1.8 అంటే షార్ప్‌గా ఉండేది ముందూ వెనకా కలిపి సుమారు 3 సెంటీమీటర్లు. ఎఫ్ 8లో అదే 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది. స్టూడియోలో ఫ్లాష్ ఉండగా ఎఫ్ 1.8తో పనేముంది? కెమెరా తిప్పితే ఫోకస్ జరిగిపోతుంది, అందుకే ఫోకస్ పాయింట్‌నే జరిపి, కెమెరాకి దగ్గరున్న కంటి మీద పెట్టండి.

పోజు విషయంలో 'నవ్వండి' అనడం మానేయండి. ముందు భుజాలు లైటు వైపు కొంచెం తిప్పి, ముఖం మాత్రం కెమెరా వైపు తెమ్మనండి. గడ్డం ముందుకు అంటే అందరూ తల పైకెత్తుతారు. అందుకే నేను 'నుదురు నా వైపు కొంచెం తేమ్మా' అంటాను, నేనే చేసి చూపిస్తాను. మెడ సాగుతుంది, గడ్డం కింద మడత పోతుంది.

జమ్మలమడుగు వైపు నుంచి ఒక తాత, అవ్వ వచ్చారు. తాత కర్రలా కూర్చున్నాడు. 'శనగ ఎట్లుంది తాతా?' అన్నాను. ఇక రేటు మీద మొదలుపెట్టాడు, చేతులు లేచాయి, కనుబొమ్మలు లేచాయి. అవ్వ 'చాల్లే, ఫోటో తీయనీ' అంటూ ఆయన కండువా సర్దింది. అప్పుడు నొక్కాను. ఆ ఒక్కటే వాళ్ళు పెద్ద సైజులో చేయించుకున్నారు.

మే నెలలో ముఖాలు నూనె కారుతుంటాయి కదా, పౌడర్ అద్దకండి, టిష్యూతో ఒత్తండి. 'అన్నా, కొంచెం తెల్లగా' అని అడిగేవాళ్ళు మీ దగ్గరా ఉంటారు. దానికోసం లైటు పెంచితే పట్టుచీర జరీ, మెడలో బంగారం తెల్లటి మచ్చలైపోతాయి. నేను మాత్రం పెంచను. కళ్ళద్దాల్లో లైటు మెరిస్తే స్టాండ్ ఇంకొంచెం ఎత్తండి, అప్పటికీ పోకపోతే అద్దాల కాడలు చెవుల దగ్గర కాస్త పైకి లేపి పెట్టమనండి.