జిగ్‌లో లెడ్జర్ రాయొచ్చా?

ప్రశ్న: చెల్లింపుల లెడ్జర్‌ను కొత్తగా రాయబోతున్నాం. టీములో ఆరుగురం. అందరికీ సీ వచ్చు, జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాష బాగా తెలిసింది ఒక్కరికే. ఆయన జిగ్ అనే పట్టుబడుతున్నారు. 1.0 కూడా రాని భాషను డబ్బు లెక్కలకు నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చు గానీ, ఆ ఒక్కరినే నమ్ముకుని కాదు. ఆయన రాసిన కోడ్‌లో తప్పు పట్టగలిగే రెండో మనిషి తయారయ్యాకే మొదలుపెట్టండి.

టైగర్‌బీటిల్ అనే ఆర్థిక లావాదేవీల డేటాబేస్‌ను జిగ్‌లోనే రాశారు. అది చూసి ధైర్యం తెచ్చుకునే ముందు వాళ్ల పద్ధతి కూడా చూడండి. మెమరీ అంతా ప్రోగ్రాం మొదలైనప్పుడే కేటాయిస్తారు, ఆ తర్వాత కొత్తగా అడగరు. డిస్కు, నెట్‌వర్క్ పాడైనట్టు సృష్టించే సిమ్యులేటర్‌లో కోడ్‌ను నడుపుతారు. బయటపడిన తప్పును అదే సీడ్‌తో (సిమ్యులేటర్‌కు మొదట ఇచ్చిన సంఖ్యతో) మళ్లీ రప్పిస్తారు. మీకు అంత ఓపిక లేకపోతే రస్ట్ భాష చూడండి. వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకుంటే సేఫ్ రస్ట్ కంపైల్ కానివ్వదు, జిగ్ కంపైలర్ పట్టించుకోదు.

బిల్డ్ మోడ్ (కోడ్‌ను కంపైల్ చేసే తీరు) రిలీజ్‌సేఫ్ మాత్రమే వాడండి. కూడికలో పూర్ణాంకం హద్దు దాటితే అందులో ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. రిలీజ్‌ఫాస్ట్‌లో ఆ తనిఖీ ఉండదు, ఖాతాలో నిల్వ ఎంతగా మారుతుందో చెప్పలేం. తనిఖీల వల్ల వేగం కాస్త తగ్గినా పర్వాలేదు, ఎలాగూ లెడ్జర్ ఎక్కువగా ఎదురుచూసేది డిస్కు కోసమే.

భాష మారుతూనే ఉంటుంది. 2023లో వచ్చిన 0.11లో ఎసింక్ (ఒక పని పూర్తయ్యేలోగా మరో పని సాగనిచ్చే సదుపాయం) లేకుండా పోయింది. 2025 నాటి 0.15లో డేటా చదవడానికి, రాయడానికి వాడే రీడర్, రైటర్ ఇంటర్‌ఫేస్‌లు మారాయి. అందుకే ఒకే వెర్షన్‌కు కట్టుబడి, ఆ కంపైలర్ టార్‌బాల్‌నూ (ఫైళ్లన్నీ కలిపిన మూటనూ) లైబ్రరీల సోర్స్‌నూ మీ సర్వర్‌లోనే దాచుకోండి.

రెండు వారాలు ప్రయోగం చేయండి, అదీ మీరు భయపడే భాగంతోనే: ఒకే చెల్లింపు అభ్యర్థన రెండుసార్లు వచ్చినా ఒక్కసారే నమోదు కావాలి. మధ్యలో ప్రాసెస్‌ను చంపి చూడండి. కోర్ డంప్ (ప్రోగ్రాం కూలినప్పటి మెమరీ నకలు) నుంచి తప్పున్న వరుసకు చేరగలుగుతున్నారా? పాత వెర్షన్‌లో రాసి కొత్తదానికి మార్చండి, పట్టిన గంటలు రాసుకోండి. ప్రతి అప్‌గ్రేడ్‌కూ అలాంటి ఖర్చు తప్పదు.

లెడ్జర్ కోర్‌ను సీ ఏబీఐ (కంపైలైన కోడ్ భాగాలు ఒకదాన్నొకటి పిలుచుకునే సీ పద్ధతి) వెనక ఉంచితే రేపు సీలో తిరగరాసినా మిగతా కోడ్ కదలదు. ఆ సరిహద్దు దాటి జిగ్ స్లైస్‌లు (పాయింటర్, పొడవు కలిసిన జతలు), ఎర్రర్ యూనియన్‌లు (విలువ గానీ ఎర్రర్ గానీ ఉండేవి) వెళ్లవు. పాయింటర్, పొడవు విడివిడిగా పంపండి. ఎర్రర్లకు అంకెల కోడ్‌లు ఇవ్వండి.