బల్లరాట్ వెళ్ళే ముందు ఒక మాట

చి. ల. సౌ. స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అత్తగారినీ మామగారినీ వచ్చే ఆదివారం ఆ పాత బంగారు గనుల ఊరు బల్లరాట్ తీసుకెళ్తున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. మెల్‌బోర్న్ నుంచి కారులో గంటన్నర ప్రయాణం. రైలు కూడా ఉంది గానీ పెద్దవాళ్ళతో కారే నయం.

పొద్దున్నే నేరుగా సావరిన్ హిల్‌కి, అంటే ఆనాటి గనుల ఊరిని మళ్ళీ కట్టి చూపించే చోటికి, పోవద్దు. మొదటిసారి మేం అదే చేశాం. గుర్రబ్బండ్లు, పాతకాలపు దుస్తులు వేసుకున్న మనుషులు, ఫొటోలు. ఎగ్జిబిషన్‌కి వెళ్ళొచ్చినట్టు తిరిగొచ్చాం, బుర్రలోకి ఏమీ ఎక్కలేదు. ముందు గనివాళ్ళ తిరుగుబాటు కథ చెప్పే మ్యూజియం, యురేకా సెంటర్‌లో ఒక గంట గడుపు. 1851లో బల్లరాట్‌లో బంగారం బయటపడగానే ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు. సర్కారు ప్రతి గనివాడి మీదా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము వేసింది. బంగారం దొరికినా కట్టాలి, దొరక్కపోయినా కట్టాలి! కాగితం చూపించమని పోలీసులు వెంటపడేవారు. విసిగిపోయిన గనివాళ్ళు దుంగలతో దడి కట్టుకుని తిరగబడ్డారు. 1854 డిసెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున సైన్యం వచ్చి పడింది. అరగంట కూడా పట్టలేదు, ఇరవై మందికి పైగా గనివాళ్ళు పోయారు. నాయకుడు పీటర్ లేలర్ చెయ్యి పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడే ఆ లైసెన్సు రద్దయి, ఏడాదికి ఒక్క పౌండుతో గని తవ్వుకునే హక్కుపత్రం వచ్చింది. లేలర్ శాసనసభకి వెళ్ళాడు, తర్వాత స్పీకరూ అయ్యాడు.

వాళ్ళు ఎగరేసిన జెండా అక్కడే ఉంది. నీలం బట్ట మీద తెల్ల శిలువ, అయిదు నక్షత్రాలు. గుర్తుగా ఉంచుకుందామని జనం ముక్కలు కోసుకుపోగా మిగిలింది. ఇప్పటికీ ఇక్కడి కార్మిక సంఘాల ఊరేగింపుల్లో ఆ జెండా కనిపిస్తుంది. మీ మామగారు యూనియన్‌లో పనిచేసిన మనిషి కదా, ఆయన్ని తొందరపెట్టకు.

అక్కణ్ణుంచి సావరిన్ హిల్‌కి వెళ్తే ఎర్రకోట్లు తొడుక్కున్న సైనికుల కవాతు కూడా వేరేగా కనిపిస్తుంది. అది 1970లో తెరిచిన బయలు మ్యూజియం. వాగులో మట్టి కడిగి బంగారం వెతకడం పిల్లలకి పండగే. మన కంసాలి కొట్ల ముందు మట్టి ఊడ్చుకెళ్ళి జలగడిగేవాళ్ళు, ఇదీ అదే విద్య. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు, ఇసుక రెండున్నర రెట్లే. కాబట్టి పళ్ళెం నీళ్ళలో ముంచి ముందు బాగా కుదపాలి, బంగారం అడుక్కి దిగుతుంది. ఆ తర్వాతే పళ్ళెం వంచి పైమట్టి కొద్దికొద్దిగా వదలాలి. అందరూ ముందే వంచేస్తారు, ఉన్నదీ పోతుంది. దొరికేది రేణువే, ఆశపడొద్దని పిల్లలకి ముందే చెప్పు. 1858లో దొరికిన బంగారు ముద్ద, వెల్‌కమ్ నగెట్, దాదాపు 69 కిలోలు. దాని కథ సావరిన్ హిల్‌లోనే ఉన్న రెడ్ హిల్ గనిలో చెప్తారు. లోపల మెట్లున్నాయి, మీ అత్తగారి మోకాళ్ళకి వద్దు. ఆవిడని బంగారం కరిగించి పోసే చోట కూర్చోబెట్టు. కమ్మరిపని, మిఠాయిల తయారీ దారిలో ఎలాగూ చూస్తారు.

చైనావాళ్ళ గుడారాల దగ్గర మాత్రం ఆగండి. 1855లో మన ఈ విక్టోరియా రాష్ట్రంలో ఓడ దిగే ఒక్కో చైనావాడి మీదా 10 పౌండ్ల పన్ను వేశారు. అది తప్పించుకోవడానికి వాళ్ళు పక్క రాష్ట్రంలో రోబ్ దగ్గర దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులకి చేరారు. మనమూ పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళమే. నాకు ఆ చోటు దాటి పోబుద్ధి కాలేదు.

మధ్యలో ఆకలేస్తే పులిహోర, పెరుగన్నం కారులో పెట్టుకుని వెండూరీ చెరువు గట్టున తినండి, నల్లహంసలుంటాయి. 1956 ఒలింపిక్స్ పడవ పందేలు ఆ చెరువులోనే జరిగాయి. ఓపికుంటే తిరిగొచ్చేటప్పుడు లిడియార్డ్ వీధి మీదుగా రండి. బంగారం డబ్బుతో కట్టిన భవనాలు అక్కడే వరుసగా ఉన్నాయి. కారు దిగకపోయినా ఫరవాలేదు.

చలి సంగతి మరిచిపోకు. ఊరు ఎత్తులో ఉంది, మెల్‌బోర్న్ ఎండ చూసి మోసపోవద్దు. నేను నూలు చొక్కాతో వెళ్ళి రోజంతా వణికాను. మీ పెద్దమ్మ దగ్గర మందపాటి శాలువాలు రెండున్నాయి, శనివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ పెదనాన్న