ఒక ల్యాబులో డెంగీ ఉందన్నారు, మరో చోట లేదన్నారు. ఎవరిని నమ్మాలి?

మీరు రాసినదాన్ని బట్టి, మీ తమ్ముడికి జ్వరం మొదలైన రెండో రోజు దగ్గర్లోని ల్యాబులో కార్డు టెస్టు (చిన్న కార్డు మీద గీత పడిందా అని చూసి చెప్పేది) చేయిస్తే ఎన్‌ఎస్‌1 పాజిటివ్ వచ్చింది. నాలుగో రోజు పెద్దాసుపత్రిలో ఐజీఎం ఎలైజా (రంగును యంత్రంతో కొలిచే ల్యాబు పరీక్ష) చేస్తే నెగటివ్ అన్నారు. ఎవరో ఒకరు తప్పు చేశారని మీ అనుమానం. ఇద్దరూ సరిగ్గానే చేసి ఉండవచ్చు. మైక్రోబయాలజీ చదివి కొన్నేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో ఈ పరీక్షలే చేస్తున్నాను. వానలు మొదలైతే చాలు, మా కౌంటర్ దగ్గర ఈ పంచాయితీ రోజూ ఉండేదే.

ఎన్‌ఎస్‌1 అనేది డెంగీ వైరస్ విడుదల చేసే ప్రొటీన్. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే రక్తంలో దొరుకుతుంది, ఐదారు రోజులు దాటాక తగ్గుముఖం పడుతుంది. ఐజీఎం వైరస్‌ను ఎదుర్కోవడానికి మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ. అది అందరిలోనూ కనిపించాలంటే ఐదు రోజులైనా గడవాలి. కాబట్టి నాలుగో రోజు ఐజీఎం లేనంత మాత్రాన డెంగీ లేదని కాదు. ఆ రోజు చేయాల్సింది ఎన్‌ఎస్‌1 ఎలైజా.

శాంపిల్‌తో వచ్చిన కాగితంలో నేను ముందు వెతికేది జ్వరం మొదలైన తేదీనే. చాలాసార్లు ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదంటే ‘జ్వరం’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఉంటుంది, కిట్టు ఉంటుంది, ఏ పరీక్షకు పెట్టాలో తెలియదు. వార్డుకు ఫోన్ చేసి అడగాలి. ఆ ఒక్క తేదీ రాయడానికి అంత బద్ధకం ఎందుకో!

రెండోసారి డెంగీ సోకినవాళ్లతో ఇంకా చిక్కు. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చిపోయినా మిగతావి రావచ్చు. అప్పుడు పాత యాంటీబాడీలు ఎన్‌ఎస్‌1ను అంటిపెట్టుకుని పరీక్షకు చిక్కకుండా చేస్తాయి. ఐజీఎం కూడా అంతంతమాత్రంగానే పెరుగుతుంది. ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ మాత్రం తొందరగా ఎగబాకుతుంది. అలాగని ఐజీజీ ఒక్కటే పాజిటివ్ అని ఉన్న రిపోర్టు చూసి కంగారు పడకండి. ఎప్పుడో సోకి తగ్గిపోయినా అలాగే వస్తుంది.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఐజీఎం రెండు మూడు నెలలు రక్తంలో నిలిచి ఉంటుంది. వానాకాలంలో డెంగీ వచ్చి తగ్గిన ఒకాయన దీపావళి ముందు మళ్లీ జ్వరంతో చేరారు. ఐజీఎం పాజిటివ్. అందరూ డెంగీ అనే అనుకున్నారు. వార్డు డాక్టరు ఒళ్లంతా వెతికితే చంకలో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించింది. అది స్క్రబ్ టైఫస్, చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే వేరే జ్వరం. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాక జ్వరం దిగింది. మా రిపోర్టు అబద్ధం కాదు, అది పాత జ్వరం సంగతి చెప్పిందంతే.

ఇక కార్డు టెస్టు. ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి అందరికీ అదే ముద్దు. గీత లీలగా ఉంటే ట్యూబులైటు కిందపెట్టి ఉందా లేదా అని వాదించుకోవడం చూశాను. సమయం దాటాక చూస్తే లేని గీత కూడా కనిపించవచ్చు. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం డెంగీని నిర్ధారించడానికి కార్డు చాలదు, ఎలైజా కావాలి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసే ఐజీఎం కిట్టుతో అయితే అది గంటల తరబడి పని. 96 గుంటలున్న ప్లేటులో సీరం వేయడం, కడగడం, మళ్లీ మరొకటి వేయడం, మళ్లీ కడగడం. చివర్లో పాజిటివ్ గుంటలు నీలంగా మారతాయి. ఆమ్లం వేయగానే పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో యంత్రం 450 నానోమీటర్ల దగ్గర చదివి అంకె ఇస్తుంది, కంటితో వాదించుకునే పని లేదు. కడగడంలో అశ్రద్ధ చేస్తే మాత్రం నెగటివ్ గుంట కూడా రంగు తేలుతుంది. అందుకే ప్రతి ప్లేటులో తెలిసిన పాజిటివ్, తెలిసిన నెగటివ్ సీరం పక్కనే పెడతాం. అవి సరిగ్గా రాకపోతే ప్లేటు మొత్తం పక్కన పడేయాల్సిందే.

మీ తమ్ముడికి ఆరో రోజు దాటాక ఐజీఎం ఎలైజా మళ్లీ చేయించండి. పాత రిపోర్టులు రెండూ తీసుకెళ్లండి, జ్వరం మొదలైన తేదీ అడగకపోయినా చెప్పండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేయకండి. డెంగీలో అసలు ప్రమాదం తరచుగా జ్వరం దిగేటప్పుడే మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, బాగా మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.