నల్లగొండ ఎన్నికల చరిత్ర రాస్తానన్న బిడ్డకు

బిడ్డా,

నల్లగొండ లోక్‌సభ స్థానం చరిత్ర 1952 నుంచి 2024 దాకా పుస్తకంగా రాస్తున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి పిల్ల ఇంత పని తలకెత్తుకుందంటే గర్వంగానే ఉంది. కానీ గెలిచినవాళ్ల జాబితా ఇంటర్నెట్‌లో దొరికిందని, మూడు నెలల్లో ముగిస్తానని అన్నావట. అది విన్నప్పటి నుంచి మనసు నిలవడం లేదు.

జాబితా ఎంతసేపు? 1952లో రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు. 1957లో దేవులపల్లి వెంకటేశ్వరరావు, దేవనపల్లి రాజయ్య. 1962లో మళ్లీ రావి నారాయణరెడ్డి. 1967లో యూనుస్ సలీం, 1971లో తెలంగాణ ప్రజా సమితి నుంచి కంచర్ల రామకృష్ణారెడ్డి, 1977లో అబ్దుల్ లతీఫ్, 1980లో టి. దామోదర్ రెడ్డి, 1984లో తెలుగుదేశం రఘుమారెడ్డి, 1989లో చకిలం శ్రీనివాసరావు. 1991, 1996లో సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. 1998, 2004లో అదే పార్టీ నుంచి సురవరం సుధాకర్ రెడ్డి. 1999లో తెలుగుదేశం తరఫున, 2009, 2014లో కాంగ్రెస్ తరఫున గుత్తా సుఖేందర్ రెడ్డి. 2019లో ఉత్తమ్ కుమార్ రెడ్డి, 2024లో కుందూరు రఘువీర్ రెడ్డి. అయిపోయింది కదా. ఇన్నేళ్లలో మారనిది నల్లగొండ అన్న పేరొక్కటే. హద్దులు మారాయి, ఓటు వేసే పద్ధతి మారింది, పార్టీల పేర్లు, పొత్తులు మారాయి. ఏ రెండు సంవత్సరాలనైనా పక్కపక్కన పెట్టేముందు ఇవన్నీ చూసుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

అంకెలు ఎన్నికల సంఘం గణాంక నివేదికల నుంచే తీసుకో. పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లకు ఫారం 20 చూడు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు కూడితే మొత్తం సరిపోలేదని కంగారుపడకు, పోస్టల్ బ్యాలెట్లు విడిగా ఉంటాయి, వాటినీ కలపాలి. 2014 నుంచి నోటా ఉంది, దాన్ని కలిపి శాతం కట్టావో తీసేసి కట్టావో ప్రతి పట్టిక కిందా రాయి. అభ్యర్థుల పేర్లు ఆ నివేదికల్లో ఇంగ్లీషులో రకరకాలుగా పడి ఉంటాయి, తెలుగు పత్రికలతో సరిచూసుకో. సార్వత్రిక ఎన్నికల నివేదికలో ఉపఎన్నికలు ఉండవు. 1991 నివేదికలో నంద్యాల చూస్తే పి.వి. నరసింహారావు కనిపించరు. ఆయన అక్కడ గెలిచింది అదే ఏడాది చివర్లో వచ్చిన ఉపఎన్నికలో.

ఇక అసలు గండం 1952, 1957. ఈ ఒక్కచోట తొందరపడ్డావంటే నీ మీద నిజంగానే కోపం వస్తుంది, ఎందుకంటే తప్పు జరిగేది ఇక్కడే. అప్పుడు నల్లగొండ ద్విసభ్య స్థానం. ఒక జనరల్ సీటు, ఒక ఎస్సీ రిజర్వుడు సీటు, ఒకే నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. 1952లో బ్యాలెట్ మీద పేర్లు, గుర్తులు లేవు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు తన రెండు కాగితాలను రెండు వేర్వేరు పెట్టెల్లో వేయాలి, రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి లేదు. కొందరు ఒక్కటే వేసి వెళ్లారు. కాబట్టి చెల్లిన ఓట్ల మొత్తం వచ్చిన మనుషుల సంఖ్య కాదు. దాన్ని ఓటర్ల సంఖ్యతో నేరుగా భాగిస్తే పోలింగ్ నూరు శాతం దాటిపోవచ్చు. రెండుతో భాగిస్తే తక్కువలో తక్కువ ఎంతమంది వచ్చారో తెలుస్తుంది, అంతకన్నా ఏమీ తెలియదు. అభ్యర్థి శాతమూ అంతే. వందమంది వచ్చి రెండు వందల ఓట్లు వేస్తే, అరవై ఓట్లు వచ్చినవాడికి పట్టికలో ముప్పై శాతమే కనిపిస్తుంది. కానీ అతన్ని కోరుకున్నది వందలో అరవై మంది. ఈ ముప్పైని తెచ్చి 1962 నాటి ఏకసభ్య శాతం పక్కన పెట్టి కమ్యూనిస్టుల బలం పెరిగిందనో తగ్గిందనో రాస్తే, అధ్యాయం మొత్తం అబద్ధమవుతుంది.

ఆధిక్యత లెక్కా జాగ్రత్త. రావి నారాయణరెడ్డికీ అచ్చాలుకూ మధ్య ఉన్న తేడా ఆధిక్యత కాదు, ఇద్దరూ పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) వాళ్లే, ఇద్దరూ గెలిచారు. 1957లో ఒకరు పీడీఎఫ్, ఇంకొకరు కాంగ్రెస్. పట్టిక తెలియనివాళ్లు రాజయ్య ఓడిపోయాడనుకుంటారు. ఆయనా ఎంపీయే. రిజర్వుడు సీటు ముందు తేల్చి, మిగిలినవాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి, వాళ్లు ఎవరైనా, రెండో సీటు ఇచ్చేవారు. పార్వతీపురంలో 1957లో ఈ పద్ధతి వల్లనే రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకు వచ్చి వి.వి. గిరి ఓడిపోయారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడా ఆయనకు అనుకూలంగా రాలేదు. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలను రద్దు చేశారు.

1952లో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూకు 2,33,571. ఈ మాట నువ్వు తప్పకుండా రాస్తావు, రాయాలి కూడా. సాయుధ పోరాటం ముగిసి ఏడాదైనా కాలేదు, హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది, అందుకే పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. అలాంటి రోజుల్లో పల్లెలు కదిలొచ్చి వేసిన ఓట్లు అవి. అయితే నెహ్రూ స్థానం కూడా ద్విసభ్య స్థానమేనని పక్కనే రాయి. అది రాయకపోతే రెండు ఓట్ల వల్ల వచ్చిన గొప్ప అని ఎవరో ఒకరు కొట్టిపారేస్తారు.

హద్దుల మాట. 1962 నుంచి పక్కనే మిర్యాలగూడ స్థానం ఉండేది. 1971లో ఇక్కడ ప్రజా సమితి గెలిస్తే, అక్కడ భీమిరెడ్డి నరసింహారెడ్డి సీపీఎం నుంచి గెలిచారు. 2008 పునర్విభజనలో మిర్యాలగూడ రద్దయి భువనగిరి పుట్టింది. ఇప్పటి నల్లగొండలో దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ ఉన్నాయి. మునుగోడు, భువనగిరి సెగ్మెంట్లు కొత్త భువనగిరి స్థానంలోకి వెళ్లాయి. అంటే 2004లో సురవరం గెలిచిన నేల, 2009లో ఓడిన నేల ఒకటి కాదు. "2009లో ఎర్రజెండా నల్లగొండను పోగొట్టుకుంది" అని ఒక్క వాక్యంలో తేల్చకు. దీనికి పొత్తులు కూడా తోడయ్యాయి. 1991, 1996, 1998లో సీపీఐ తెలుగుదేశంతో ఉంది, 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశం, టీఆర్‌ఎస్, వామపక్షాలు కలిసిన మహాకూటమిలో. పట్టికలో పార్టీ పక్కన "ఎవరితో పొత్తు" అని ఒక గడి తప్పకుండా పెట్టు. 2019, 2024 మాత్రం ధైర్యంగా పోల్చు, హద్దులు అవే. సుమారు 25 వేల ఆధిక్యత 5,59,905కు ఎలా చేరిందో వివరించాలంటే 2023 అసెంబ్లీ ఫలితాల తర్వాత బీఆర్‌ఎస్ ఓటు ఎటు పోయిందో సెగ్మెంట్ల వారీగా చూడాలి.

1996కు ఒక అధ్యాయమంతా ఇవ్వు. 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది, 477 మంది డిపాజిట్లు పోయాయి. కొందరు దీన్ని నవ్వులాటగా రాశారు. నువ్వలా రాయకు తల్లీ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పిల్లల ఊళ్లవి. కృష్ణా నీళ్లు ఇవ్వండి, శ్రీశైలం ఎడమగట్టు కాలువ పూర్తి చేయండి అని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ వినకపోతే, జల సాధన సమితి పిలుపు మీద వేసిన నామినేషన్లవి. అప్పటి డిపాజిట్ 500 రూపాయలు. అదే ఏడాది చట్టం సవరించి 10,000 చేశారు, గుర్తింపు లేని పార్టీలవాళ్లకు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. దేశం మొత్తం మీద 1996లో 13,952 మంది పోటీ చేస్తే 1998లో 4,750 మందే. పట్టికలో ఈ స్వతంత్రులను "ఇతరులు" అని ఒక్క వరుసలో తొక్కేయకు. అనుబంధంలో 480 పేర్లూ వేయి, పేజీలు ఎక్కువైనా సరే. ఆ ఏడాది చెల్లని ఓట్ల సంఖ్యను ముందు వెనకల ఎన్నికలతో పోల్చి చూడు.

పెద్దవాళ్ల దగ్గర విన్నది గుర్తులతో సరిచూసుకో. కాంగ్రెస్‌కు కాడెద్దులంటే 1967 దాకా, ఆవు దూడంటే 1971 లేదా 1977, హస్తమంటే 1980 నుంచి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊళ్లు తిరగకు. ఒంటరిగా వెళ్లకు, ముందు సర్పంచ్‌కో బడి పంతులుకో చెప్పి వెళ్లు, లేకపోతే సర్వే చేస్తున్నావని ఏదో ఒక పార్టీవాళ్లు చుట్టుముడతారు.

నాకున్న పెద్ద భయాలు రెండు. ఒకటి కులాల శాతాలు. ఫలానా కులం ఓటర్లు ఇంత శాతం అని ప్రతి ఎన్నికకూ పత్రికల్లో వస్తాయి. ఓటర్ల జాబితాలో కులం ఉండదు, నియోజకవర్గం వారీగా కట్టిన ఆ శాతాలకు ఆధారం అడిగితే ఎవరూ చూపించలేరు. ఒక్క అంకె కూడా ఎత్తి రాయకు. రెండోది డబ్బు. అచ్చు ఖర్చు మేం పెట్టుకుంటామని ఏ నాయకుడి మనుషులో వస్తారు, మర్యాదగా మాట్లాడతారు, తర్వాత వాళ్ల నాయకుడి అధ్యాయం చూపించమంటారు. తీసుకోకు. తక్కువపడితే మీ నాయన, నేను ఉన్నాం. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో విడుదల పెట్టుకోకు, పుస్తకం మీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు స్పష్టంగా వేయించు.

మూడు నెలలు కాదు, రెండేళ్లు అనుకో. ముందు 1952, 1957 పట్టికలు మాత్రం వేసి నాకు పంపు. ఓటర్ల సంఖ్య, చెల్లిన ఓట్లు, గెలిచిన ఇద్దరు, ఓడినవాళ్లలో మొదటివాడు, ఈ నాలుగు గడులు చాలు. అవి చూశాక 1962 మొదలుపెడుదువుగాని.

మీ పెదనాయన