రెండో భాగం కోసం అర్ధరాత్రి వేట

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సిరీస్‌లంటే నాకు ప్రాణం. కానీ పుస్తకాల యాప్ ఎప్పుడు చూసినా యుద్ధాలు, అంతరిక్ష నౌకలే చూపిస్తోంది. నాకు కావాల్సింది మనసుకు దగ్గరయ్యే పాత్రలు. సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

అలాంటి సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉండదండీ. ఈ ప్రశ్న మాత్రం రూపం మార్చుకుని వస్తూనే ఉంది. మీరు ఏం నొక్కారు, ఎక్కడిదాకా చదివారు, ఎక్కడ ఆపేశారు అన్నంతవరకే యాప్‌కి తెలుసు. మీలాగే నొక్కినవాళ్లు ఇంకేం నొక్కారో చూసి, అదే తెచ్చి మీ ముందు పెడుతుంది. దీన్ని కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అంటారు. గుంపు ఎటు పోతే మీరూ అటే అని దాని లెక్క. ఒక పాత్ర మీద ఇష్టంతో మూడొందల పేజీలు చదివారా, నిద్ర పట్టక తిప్పేశారా అన్నది దానికి అనవసరం. పుస్తకాలకు తగిలించే లేబుళ్లు కూడా అలాగే ఉంటాయి: డ్రాగన్లు, యుద్ధం, రాజవంశం. ‘అలిగి మూల కూర్చునే రోబో’ అన్న లేబుల్ ఎవరు పెడతారు?

అందుకే వెతికే మాట మార్చండి. ‘ఫౌండ్ ఫ్యామిలీ’ అని కొట్టి చూడండి. రక్తసంబంధం లేనివాళ్లు ఒక కుటుంబంగా కుదురుకునే కథలకు ఇంగ్లిష్ పాఠకులు పెట్టుకున్న పేరది. లోకం మునిగిపోయే గొడవ లేకుండా తీరిగ్గా సాగేవాటిని ‘కోజీ ఫాంటసీ’ అంటారు. దొరికినవాటికి మూడు స్టార్లు ఇచ్చినవాళ్ల సమీక్షలు చదవండి. ఐదు స్టార్ల వాళ్లు పూనకంలో ఉంటారు, ఒక స్టార్ వాళ్లు పార్సిల్ నలిగిందని ఏడుస్తారు. ‘కథ నత్తనడకే, కానీ ఆ ముసలి పైలట్‌ని మర్చిపోలేకపోతున్నా’ లాంటి పనికొచ్చే ముక్క మూడు స్టార్ల వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

నన్నే చెప్పమంటే, 2017లో మొదలైన మార్తా వెల్స్ ‘మర్డర్‌బాట్ డైరీస్’. పేరు చూసి జడుసుకోకండి. కాపలా కోసం తయారుచేసిన ఒక యంత్రం, తనను అదుపులో పెట్టే మాడ్యూల్‌ని తనే హ్యాక్ చేసుకుంటుంది. అంత పని చేసి, తీరా తీరిక దొరికితే సీరియళ్లు చూస్తూ కూర్చుంటుంది! మనుషులు తనవైపు చూస్తే చాలు, ఇబ్బందిపడిపోతుంది. తన యజమాని కంపెనీ ప్రతిదానికీ చౌకరకం సామానే వాడుతుందని అది విసుక్కుంటుంటే, నాకు సొంత చుట్టాన్ని చూసినట్టనిపించింది.

ప్రశ్న: రీడర్‌లో ఒక సిరీస్ భాగాలన్నీ ఎక్కించాను. ఒకటి తర్వాత పదోది చూపిస్తోంది. పాడైందా?

పాడవలేదు, చేసినవాడు బద్ధకించాడంతే. సాఫ్ట్‌వేర్ అంకెను అంకెగా చూడకుండా, పేరులో ఒక్కో అక్షరాన్ని పోల్చుకుంటూ పోతుంది. అప్పుడు 10 అన్నది 2 కంటే ముందే వస్తుంది. 01, 02 అని పేర్లు మార్చుకుంటే సర్దుకుంటుంది. అన్ని సిరీస్‌లకూ వరస పట్టింపు లేదు. టెర్రీ ప్రాచెట్ ‘డిస్క్‌వరల్డ్’లో 1983 నుంచి 2015 వరకు 41 నవలలు వచ్చాయి. నగర కాపలాదారుల కథ 8వ నవలతో మొదలవుతుంది, నేరుగా అక్కడే దిగొచ్చు.

దీనికంటే నాకు మండేది సెర్చ్ పెట్టె. పాత్ర పేరు స్పెల్లింగ్ కోసం నాలుగు అక్షరాలు కొడతామో లేదో, ‘ఎలా చనిపోయాడు’ అని కింద సూచన వచ్చి కూర్చుంటుంది. ఐదు భాగాల పాటు ప్రేమించాల్సిన మనిషిని రెండో భాగంలోనే పాడె ఎక్కించేస్తుంది. సూచనలు ఆపేసే వీలున్న చోట ఆపేయండి.

ప్రశ్న: ఎక్కడా దొరకని రెండో భాగం ఒక ఉచిత సైట్‌లో కనిపించింది. రోబోని కాదని నిరూపించుకోమంటే, చెప్పిన కీలు నొక్కాను. పుస్తకం రాలేదు కానీ, నా మెయిల్ నుంచి స్నేహితులకు ఏవో లింకులు వెళ్తున్నాయి. పాస్‌వర్డ్ మార్చాను, ఓటీపీ కూడా ఉంది. అయినా ఆగడం లేదు. టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడాల్సిందే. మీరు రాసిన కీల వరస చూశాను: విండోస్ కీతో ఆర్, తర్వాత కంట్రోల్‌తో వి, ఆపైన ఎంటర్. ‘రోబోను కాను’ అన్న గడిలో మీరు క్లిక్ చేసినప్పుడే ఆ పేజీ ఒక కమాండ్‌ను మీ క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసినవి తాత్కాలికంగా నిలిచే చోటుకి, ఎక్కించింది. మొదటి జత కీలతో, కంప్యూటర్‌కి నేరుగా కమాండ్ ఇచ్చే రన్ పెట్టె తెరుచుకుంది, రెండో జతతో ఆ కమాండ్ అందులో పడింది. ఆ పెట్టె ఇరుకు, కమాండ్ పొడుగు. చివర తగిలించిన ‘వెరిఫికేషన్ నంబర్’ అన్న తోక మాత్రమే మీకు కనపడి ఉంటుంది. అసలు విషం ఎడమవైపు దాక్కుంది. ఎంటర్ కొట్టి దొంగకు తలుపు తీసింది మీరే కాబట్టి యాంటీవైరస్ కూడా చాలాసార్లు నోరెత్తదు.

ఇలా దిగే ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు సెషన్ కుకీలనూ ఎత్తుకుపోతాయి. ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ అడగకుండా సైట్ మీ చేతిమీద వేసే ముద్ర లాంటిది కుకీ. ఆ ముద్రే దొంగ చేతికి చిక్కాక ఇక ఓటీపీ అడిగేదెవరు? పాస్‌వర్డ్ కూడా అదే కంప్యూటర్‌లో మార్చి ఉంటే, కొత్తది కూడా వాళ్లకే అందించి ఉండొచ్చు.

ముందు ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి మెయిల్‌లోకి వెళ్లి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. మెయిల్ అయ్యాక బ్యాంకు, ఆపైన మిగతావి. రికవరీ నంబర్, మెయిల్ ఫార్వర్డింగ్ దగ్గర మీరు పెట్టనిదేమైనా కూర్చుందేమో చూడండి. స్నేహితులకు ఫోన్ చేసి ఆ లింకులు తెరవొద్దని చెప్పండి. ఇక ఆ కంప్యూటర్‌ని పూర్తిగా తుడిచి సిస్టమ్ మళ్లీ ఎక్కించడమే. ‘స్కాన్ చేశాను, ఏమీ లేదంది’ అని మళ్లీ రాయకండి.

ఫోన్‌లో ఇదే మోసం పుస్తకం పేరుతో ఏపీకే ఫైలుగా, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ని ఎక్కించే ఫైలుగా వస్తుంది. నవలకు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే, ఇవ్వకుండా ఆ యాప్‌నీ ఫైలునీ తీసేయండి.

మిమ్మల్ని పూర్తిగా తప్పుపట్టను. మొదటి భాగం, మూడో భాగం అమ్మకానికి పెట్టి, రెండోదానికి ‘మీ ప్రాంతంలో హక్కులు లేవు’ అని రాసేవాళ్లే పాఠకుణ్ని ఆ సైట్ల దాకా తరుముతున్నారు. పోనీ కొనుక్కున్నా భరోసా ఉందా? ఒక పెద్ద సంస్థ 2019లో ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బు వెనక్కి ఇచ్చింది కానీ, కొన్న పుస్తకాలు పాఠకుల దగ్గర మిగల్లేదు. అందుకే కాపీ చేసి దాచుకోనివ్వని తాళం లేని ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) అమ్మే ప్రచురణకర్త దొరికితే, నేను అక్కడే కొంటాను.

ఈలోగా ఉచితంగానే, చట్టబద్ధంగా చదవాలంటే, 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌కు వెళ్లండి. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900 నుంచి ‘ఆజ్’ అనే మాయాలోకం మీద రాసిన 14 నవలల్లో రెండోదీ అక్కడుంది. గడ్డిబొమ్మ, గుండె కావాలని తిరిగే రేకు మనిషి మొదటి భాగంలోనే కలుస్తారు. డౌన్‌లోడ్‌కి లాగిన్ కూడా అడగదు.