రామకోటిలో ఖాళీ గళ్లు

అమ్మాయీ,

నీ కవరు సోమవారం అందింది. మీ తాతగారి మీద రాసిన ఆరు పేజీలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఆ గీతలు చూసి టెన్షన్ పడకు. 91 ఏళ్లు బతికిన మనిషి ఆరు పేజీల్లో పట్టకపోవడం నీ తప్పేం కాదు. కానీ మొదటి పేరాలోనే "పరమ భక్తుడు, నిగర్వి, నిరాడంబరుడు, అజాతశత్రువు" అని నాలుగు మాటలు పేర్చావు చూడు, అది మాత్రం నీ తప్పే. పాలకొల్లు నుంచి నరసాపురం దాకా దారిలో కట్టిన అశ్రునివాళి ఫ్లెక్సీల మీద ఆ నాలుగూ ఉంటాయి. ఫొటో మారుతుంది, అంతే.

నేనూ ఆ పని చేసినవాడినే. మా నాన్నగారు పోయాక పెద్దకర్మ నాడు పంచడానికి చిన్న పుస్తకం వేశాం. "ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అని రాశాను. అచ్చయి వచ్చాక మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, "బావుందిరా, ఇంతకీ ఈయనెవరు?" అంది. తర్వాత చెప్పింది. నాకు మూడేళ్లప్పుడు ఒళ్లు కాలిపోతుంటే ఆయన కార్తీక సోమవారం అభిషేకం తప్పుతుందని గుడికి వెళ్లిపోయారట. అమ్మ నన్ను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి ఒక్కతే నడిచింది. ఆ సంగతి నలభై ఏళ్లు మనసులో పెట్టుకుంది. అలా పెట్టుకునే, ఏటా కార్తీక పున్నమికి ఆయన వెలిగించాల్సిన 365 వత్తులూ తనే చేసి, నేతిలో నానబెట్టి ఇచ్చింది. నా పుస్తకంలో ఆ జ్వరమూ లేదు, ఆ వత్తులూ లేవు.

ఆ వత్తులు ఎందుకో నీకు తెలుసుగా? ఏడాది పొడుగునా దీపం పెట్టడం కుదరని రోజులుంటాయి, వాటికి పరిహారంగా ఒక్కసారే అన్నీ వెలిగిస్తారు. భక్తిలోనూ నాగాలుంటాయని, వాటికో లెక్క ఉండాలని మనవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. నివాళులు రాసేవాళ్లే ఇంకా ఒప్పుకోలేదు.

భక్తుడైన సంసారి జీవితం రాయడంలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఆయన చేసిందే చేస్తాడు. చీకటితో లేవడం, చన్నీళ్ల స్నానం, విభూతి, దీపం, కొట్టు తాళాలు. నీ ఆరు పేజీల్లో "రోజూ" అన్న మాట పంతొమ్మిది సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. రోజూ జరిగేది ఒక్కసారి చెప్పి వదిలెయ్యి. ఏ రోజు జరగలేదో వెతుకు.

ఎక్కడ వెతకాలో నువ్వే రాశావు, నాలుగో పేజీ అడుగున, దారిన పోతూ అన్నట్టు. ట్రంకుపెట్టె నిండా తాతగారి రామకోటి పుస్తకాలున్నాయని, వాటిని భద్రాచలంలో సమర్పించాలని మీ నాన్న అంటున్నారని. ఆ ఒక్క వాక్యం చదివి నేను కుర్చీలోంచి లేచాను. పిల్లా, ఆ పెట్టె నీ కళ్లముందు పెట్టుకుని విశేషణాలు పేర్చావా!

కొంచెం లెక్క వెయ్యి. రోజుకి వెయ్యి నామాలు రాస్తే కోటి కావడానికి 10,000 రోజులు. 27 ఏళ్లు దాటుతుంది. రోజుకి అయిదు వందలైతే 54 ఏళ్లు దాటుతుంది. అంటే అది జపం ఒక్కటే కాదు, ఆయన చేతిరాతలో ఉన్న డైరీ. కొట్టు మనిషి కాబట్టి ఏ రోజుకారోజు మొదలుపెట్టిన చోట తేదీ వేసే ఉంటారు. ఖాతా రాసిన చెయ్యి తేదీ లేకుండా కలం కదపదు. 1986 ఆగస్టు గోదావరి వరదలప్పటి పేజీలు తియ్యి. మీ అత్తయ్య పెళ్లి నెల తియ్యి. కంటి ఆపరేషన్ తర్వాత అక్షరం ఎంత పెద్దదైందో చూడు. ఎక్కడ గళ్లు ఖాళీగా ఉన్నాయో, ఎక్కడ ఒకే రోజు మూడు రోజుల నామాలు గబగబా రాశారో చూడు. కోటి పూర్తయిందో లేదో కూడా నువ్వు రాయలేదు. పూర్తి కాకపోతే ఇంకా మంచిది, నీకు. ఆయనకి కాదనుకో.

పుట్టిన తేదీ దగ్గర తడబడ్డావు. స్కూలు సర్టిఫికెట్టులో జులై 1 అని ఉంటే నమ్మకు, ఆ రోజుల్లో ఎంతోమందికి బడిలో చేర్చిన పంతులుగారే ఓ తేదీ వేసేసేవారు. జాతకంలో భావ నామ సంవత్సరం అని ఉందన్నావు. భావ 1934 ఉగాదికి వచ్చింది, మళ్లీ అరవై ఏళ్లకి 1994లో వచ్చింది. షష్టిపూర్తి ఫొటోల వెనక 1994 అనో 95 అనో ఉంటే లెక్క కుదిరినట్టే. అక్కణ్నుంచి వెయ్యి పున్నములు లెక్కపెడితే సహస్ర చంద్ర దర్శనం 2015 ప్రాంతాల్లో పడాలి. గోదావరి పుష్కరాలొచ్చిన ఏడు కదా, మీ ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. మీ మామ్మని "ఏ సంవత్సరంలో?" అని అడక్కు. "ఆ పుష్కరాలకి ముందా, తర్వాతా?" అని అడుగు. 1979, 1991, 2003 అన్నీ ఆవిడ వేళ్ల మీద ఉంటాయి.

కొట్టు గురించి రెండే వాక్యాలు రాశావు, "నిజాయితీగా వ్యాపారం చేశారు" అన్నది ఒకటి. దాన్ని నేనెలా నమ్మాలి? 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. ఆయన కుర్రవాడు, ఇరవై రెండో ఇరవై మూడో. రూపాయికి పదహారణాలు పోయి వంద పైసలయ్యాయి. అణాకి ఆరుంపావు. ఆ పావు పైసా నాణెం ఎక్కడా లేదు. అణా సరుకు కొన్నవాడి దగ్గర ఆయన ఆరు తీసుకున్నారా, ఏడా? ఆ తర్వాత వీశెలు, శేర్లు పోయి కిలోలు వచ్చాయి, మళ్లీ అదే గొడవ. పాత అరువు ఖాతాలు అటక మీద ఉంటే దింపించు. ఆయన భక్తి గుళ్లో ఎంతుందో ఆ పావు పైసా దగ్గర కూడా అంతే ఉందా అన్నది నాకు తెలియాలి. లేకపోతే అదీ రాయి.

ఆయన మాటలు ఒక్కటీ లేవు నీ పేజీల్లో. కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు అనేవారా? బియ్యం అయిపోయాయి అనకుండా "నిండుకున్నాయి" అనే ఇల్లేనా మీది? దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనేవారా? ఇంత చిన్న మాటల్లో ఆయన దేవుణ్ని ఎక్కడెక్కడ పెట్టుకుని తిరిగారో కనిపిస్తుంది. శ్రీరామనవమి నాడు రేడియోలో ఉషశ్రీ గారి వ్యాఖ్యానంతో భద్రాద్రి కల్యాణం విన్నారని రాశావు. కొట్టు కట్టేసి విన్నారా, తూకం వేస్తూ విన్నారా?

ఇంకొకటి, "పరమపదించారు" అని ముగించావు. అది వైష్ణవుల మాట. క్షీరారామలింగేశ్వరుడి గోపురం నీడన విభూతి పెట్టుకున్న మనిషికి "శివైక్యం" అంటారు. రామకోటి రాశారుగా అంటావేమో. ఆయనకి ఆ ఇద్దరి మధ్య గొడవేం ఉన్నట్టు లేదు, నువ్వూ పెట్టుకోకు. "పోయారు" అను, చాలు.

మీ మామ్మ ఆరు పేజీల్లో ఒక్కసారి వచ్చింది, "అనుకూలవతి అయిన అర్ధాంగి" అని. ఆ మాట కొట్టేశాను, కొంచెం గట్టిగానే. సోమవారం ఆయన ఒంటిపూట ఉంటే వంటింట్లో పని తగ్గలేదు, పెరిగింది. అందరికీ ఒక వంట, ఆయనకి మడితో రాత్రికి ఉప్పుడుపిండి. "తాతయ్య గురించి చెప్పు" అంటే ఆవిడ "దేవుడులాంటి మనిషమ్మా" అని కళ్లు తుడుచుకుని ఊరుకుంటుంది. అలా అడక్కు. చిక్కుళ్లు వలుస్తున్నప్పుడు పక్కన కూర్చుని, "సోమవారాలు నువ్వెన్నింటికి తినేదానివి?" అని అడుగు. తర్వాత మాట్లాడకు. ఫోను రికార్డింగులో పెట్టి ఎదురుగా పెట్టావా, అన్నీ మంచి మాటలే వస్తాయి.

తప్పులు తవ్వమని చెబుతున్నానని మీ నాన్న అనుకోవచ్చు. ఆయనతో నేను మాట్లాడతాను. పుస్తకాలు భద్రాచలం తీసుకెళ్లడం పదిహేను రోజులు వాయిదా వెయ్యమని అడుగుతాను. రాముడేం అనుకోడు. ఈలోగా ప్రతి పేజీకీ ఫొటో తీసిపెట్టు. ముందు ఆఖరి పుస్తకం తియ్యి. చివరి నామం ఏ గడిలో ఆగిందో, పక్కన ఏ తేదీ ఉందో, ఏ రంగు సిరాయో చూసి నాకు వెంటనే రాయి.

మామ్మగారికి నా నమస్కారాలు.

ఆశీస్సులతో,
మాస్టారు