బావగారి ఎడమ చేయి గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పక్షవాతం వచ్చి మూడు నెలలైనా మీ నాన్నగారి ఎడమ చేయి లేవడం లేదనీ, చైనా సూది వైద్యమైన ఆక్యుపంక్చర్‌లో సూదులు గుచ్చే బిందువుల మీద, సూదులు లేకుండా యంత్రంతో సన్నగా కరెంటు పెట్టిస్తే ప్రయోజనం ఉంటుందా అనీ అడిగావు. ముప్పై ఏళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఉండవచ్చు, అయితే వ్యాయామంతో కలిపి చేసినప్పుడే. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం వారు 2007లో ప్రచురించిన పరిశోధనలో పక్షవాతం వచ్చినవారి కాలి బిందువులకు 60 నిమిషాలు కరెంటు పెట్టి, ఆపైన 60 నిమిషాలు వ్యాయామం, వారానికి 5 రోజుల చొప్పున 4 వారాలు చేయించగా, రెండూ కలిపి చేసినవారి నడకే ఎక్కువ మెరుగుపడింది. అది కాలి సంగతే అయినా, చేతికీ ఆ వరుసే పాటించడం మంచిదని నా అభిప్రాయం.

ముందుగా డాక్టరుగారిని అడుగు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, మూర్ఛలు వస్తున్నా ఆయన అనుమతి లేకుండా యంత్రం ముట్టుకోవద్దు. యంత్రం నుండి చర్మానికి కరెంటు అందించే జిగురు ప్యాడును మెడ ముందు భాగంలో ఎప్పుడూ అంటించకూడదు. చల్లని చెంచాను రెండు చేతులకూ తాకించి, ఎడమ వైపు స్పర్శ ఎంత తెలుస్తోందో చూడు. ఒకసారి నేను జిగురు ఎండిన ప్యాడునే మళ్లీ వాడి, స్పర్శ తక్కువగా ఉన్న ఒక పెద్దాయన చర్మం కాలేలా చేశాను. ఆయనకు నొప్పి తెలియలేదు కనుక నోరు మెదపలేదు. ఆ ఎర్రని మచ్చ నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బుగా ఉండే కండ మీది బిందువును చైనీయులు హెగు అంటారు. మణికట్టు వెనుక మడత నుండి మూడు వేళ్ల వెడల్పు పైన, రెండు ఎముకల నడుమ ఉండేది వైగ్వాన్. కొలత నీ వేళ్లతో కాదు, మీ నాన్నగారి వేళ్లతోనే తీసుకోవాలి. మోచేయి మడిస్తే పడే గీతకు బయటి కొసన ఉండేది ఛూచీ. సెకనుకు 2 సార్లు కొట్టే కరెంటుకు కండ అదురుతుంది, 100 సార్లయితే సన్నని తిమ్మిరి జుమ్మంటుంది. ఏది ఎంతసేపు పెట్టాలో మీ ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి.

కరెంటు మెల్లగా పెంచుతూ పోతే, వాలిపోయిన మణికట్టు ఒక క్షణం వెంట్రుకవాసి పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే "మీరూ లేపండి నాన్నా" అని చెప్పు. కంటికి కదలిక కనబడకపోయినా ఆయన ప్రయత్నం అందులో కలవాలి. ప్యాడ్లు అంటించి టీవీ ముందు కూర్చోబెడితే ఈ శ్రమంతా వృథా. యంత్రం తీసిన వెంటనే బల్ల మీద తువ్వాలును ముందుకు నెట్టించు, ఖాళీ స్టీలు గ్లాసు పట్టించు. మంచం మీద నుండి లేపేటప్పుడు మాత్రం ఆ చేయి పట్టి లాగవద్దు, భుజం కీలు జారే ప్రమాదం ఉంది. రక్తపోటు మాత్రలు ఒక్క పూట కూడా మానవద్దు.

ప్రతి ఆదివారం తువ్వాలు ఎంత దూరం నెట్టారో స్కేలుతో కొలిచి రాసిపెట్టు. నాలుగు వారాల లెక్క నాకు పంపితే, ఏం మార్చాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య